విదేశాల్లో యాసిడ్ జాజ్, సోల్ రికార్డుల వేట: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆఫీసు పని మీదో, పిల్లల దగ్గరికో విదేశం వెళ్లే పాటల పిచ్చివాళ్లు బయల్దేరే ముందు కొన్ని ప్రశ్నలు అడుగుతారు. షాపులో నిలబడి మెసేజ్ పెట్టి కొన్ని, తిరిగొచ్చాక తల పట్టుకుని కొన్ని అడుగుతారు. ఎవరు అడిగినా దాదాపు అవే కాబట్టి అన్నీ ఒకచోట పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సిన దానికి నేరుగా వెళ్లిపోండి.

## బయల్దేరే ముందు

యాసిడ్ జాజ్ అంటే అసలేంటి? ఆ పేరేంటి అలా ఉంది?

1980ల చివర్లో లండన్ క్లబ్బుల్లో పుట్టిన సంగీతం ఇది. కొందరు డీజేలు 60ల, 70ల నాటి అమెరికన్ సోల్ జాజ్, ఫంక్ (తాళం గట్టిగా కొట్టే డాన్స్ సంగీతం) రికార్డులు వెతికి తెచ్చి డాన్స్ కోసం వేసేవారు. అవి విని పెరిగిన కుర్ర బ్యాండ్లు అదే తీరులో సొంత పాటలు కట్టాయి. ఆ రోజుల్లో యాసిడ్ హౌస్ అనే ఎలక్ట్రానిక్ సంగీతం ఊరంతా మోగుతుండేది. దాన్ని ఆటపట్టిస్తూ పెట్టిన పేరే ఇది, అంతకుమించి లోతైన అర్థమేం లేదు.

జైల్స్ పీటర్సన్, ఎడ్డీ పిల్లర్ కలిసి 1987లో అదే పేరుతో లేబుల్, అంటే రికార్డులు వేసే కంపెనీ, పెట్టారు. 1990లో పీటర్సన్ బయటికొచ్చి టాకిన్ లౌడ్ అనే లేబుల్ మొదలుపెట్టాడు. లండన్ కామ్డెన్‌లో డింగ్‌వాల్స్ అనే చోట ఆదివారం మధ్యాహ్నాలు జరిగే డాన్సు సభలు ఈ సంగీతానికి పుట్టిల్లు. బ్రాండ్ న్యూ హెవీస్, గలియానో, ఇన్‌కాగ్నిటో, జేమ్స్ టేలర్ క్వార్టెట్, కార్డరాయ్ పేర్లు గుర్తుపెట్టుకుంటే షాపులో సగం పని అయినట్టే. జమీరోక్వాయ్ బ్యాండ్ మొదటి సింగిల్ (ఒకటి రెండు పాటల రికార్డు) కూడా 1992లో యాసిడ్ జాజ్ లేబుల్ మీదే వచ్చింది.

సోల్, రేర్ గ్రూవ్, నార్తర్న్ సోల్... ఇవన్నీ ఒకటేనా?

కాదు, కానీ చుట్టాలే. సోల్ అంటే అమెరికా నల్లజాతివారి చర్చి పాటల నుంచి, రిథమ్ అండ్ బ్లూస్ నుంచి వచ్చిన సంగీతం. నార్తర్న్ సోల్ అనేది సంగీతం పేరు కాదు, ఇంగ్లండ్ ఉత్తరాది కుర్రాళ్ల అలవాటు పేరు. 60ల నాటి వేగమైన, అమ్ముడుపోని అమెరికన్ సోల్ సింగిల్స్ తెప్పించుకుని తెల్లవార్లూ డాన్స్ చేసేవారు. 1973 నుంచి 1981 దాకా నడిచిన విగన్ క్యాసినో అనే క్లబ్బు దీనికి పెద్ద అడ్డా. రేర్ గ్రూవ్ లండన్‌లో 80ల మధ్యలో లైసెన్సు లేని పైరేట్ రేడియోల ద్వారా పాకిన మాట, ఎక్కువగా 70ల ఫంక్, జాజ్ ఫంక్‌కి వాడతారు. షాపుల్లో ఈ మూడింటికీ విడివిడిగా బాక్సులు ఉంటాయి కాబట్టి తేడా తెలిస్తే టైమ్ కలిసొస్తుంది.

జాజ్ అంటే ఓనమాలు కూడా తెలియవు. ఎక్కడ మొదలుపెట్టాలి?

90ల రికార్డుతో మొదలుపెట్టి వెనక్కి నడవండి. నాకు తెలిసినంతలో ఇంతకన్నా సులువైన దారి లేదు. పుస్తకాలు చదివి జాజ్ తొలి తరం లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ నుంచి క్రమంగా వద్దామనుకున్నవాళ్లలో చాలామంది 1950 దాటకముందే ఆగిపోతారు.

రికార్డు తిప్పి అట్ట వెనక పేర్లు చదవండి. పాట ఎవరు రాశారు, ఎవరు వాయించారు, ఏ పాత పాట నుంచి తీసుకున్నారు అన్నీ అక్కడే ఉంటాయి. ఇంటిపేరు అడిగి చుట్టరికం కలిపే మన పెద్దవాళ్ల పద్ధతి ఇక్కడ బాగా పనికొస్తుంది. ఉదాహరణకి 1991లో జోస్లిన్ బ్రౌన్ గొంతుతో ఇన్‌కాగ్నిటో హిట్ కొట్టిన ‘ఆల్వేస్ దేర్’ తీసుకోండి. అది 1975లో శాక్సఫోన్ వాద్యకారుడు రోనీ లాస్ బ్లూ నోట్ లేబుల్ మీద ఇచ్చిన పాట. అక్కడికి వెళ్తే అదే లేబుల్ మీద, అదే ఏడాది డోనల్డ్ బర్డ్ చేసిన రికార్డులు తగులుతాయి. గలియానో మొదటి సింగిల్ వెనక 1972 నాటి కర్టిస్ మేఫీల్డ్ పాట ఉంది. అస్‌3 బృందం 1993లో ప్రపంచమంతా మోగించిన ‘కాంటలూప్’ వెనక 1964 నాటి హెర్బీ హాంకాక్ పియానో ఉంది. యంగ్ డిసైపుల్స్‌లో పాడిన కార్లీన్ ఆండర్సన్ ఎవరంటే, జేమ్స్ బ్రౌన్ బృందంలో పాడిన విక్కీ ఆండర్సన్ కూతురు.

ఇలా ఒక్క రికార్డు పట్టుకుంటే పది పేర్లు దొరుకుతాయి. నచ్చిన పేరు వెంట పోవడమే.

ఇవన్నీ ఫోన్లోనే వినొచ్చు కదా, మోసుకురావడం ఎందుకు?

వినడానికే అయితే అక్కర్లేదు. కానీ లండన్, టోక్యోల్లో చిన్న లేబుళ్లు వేసిన 12 అంగుళాల సింగిల్స్‌లో ఉన్న కొన్ని రీమిక్స్‌లు, డబ్ వెర్షన్లు (గొంతు తగ్గించి వాయిద్యాలు పెంచినవి) స్ట్రీమింగ్‌లో ఉండవు. అట్ట వెనక వివరాలూ యాప్‌లలో సరిగా కనబడవు. మూడో కారణం నా స్వార్థం: తెలియని ఊళ్లో ఒక పూట గడపడానికి రికార్డు షాపు కన్నా మంచి చోటు నాకింకా కనబడలేదు.

కొనాల్సిన వాటి లిస్టు రాసుకుని వెళ్లాలా?

ఐదారు పేర్లకు మించొద్దు. లిస్టు పెద్దదైతే చూపంతా దాని మీదే ఉంటుంది, పక్కనున్న బాక్సు కనబడదు. లిస్టు బదులు డిస్కాగ్స్ యాప్ వేసుకోండి. 2000లో మొదలైన ఆ డేటాబేస్‌లో ఏ రికార్డు ఏ దేశంలో ఏ ఏడాది వచ్చిందో, ఇంతకుముందు ఎంతకి అమ్ముడుపోయిందో ఉంటుంది. మీ దగ్గర ఇప్పటికే ఉన్నవి అందులో ఎక్కించుకోండి, కొన్నదే మళ్లీ కొనే ప్రమాదం తప్పుతుంది.

మనవాళ్లెవరైనా ఉన్నారా ఈ సంగీతంలో?

ఉన్నారు, వాళ్ల రికార్డులకి అక్కడ మంచి గిరాకీ కూడా ఉంది. ముంబైలో పుట్టిన ఆశా పుత్లి అమెరికా వెళ్లి ఆర్నెట్ కోల్‌మన్ జాజ్ ఆల్బమ్‌లో పాడింది. 1976లో ఆమె చేసిన ‘ద డెవిల్ ఈజ్ లూజ్’ ఆల్బమ్‌లోని ‘స్పేస్ టాక్’ పాటని డీజేలు ఇప్పటికీ వేస్తారు. ముంబై నుంచి లండన్ వెళ్లిన గిటారిస్టు అమాన్సియో డిసిల్వా 1969లో చేసిన జాజ్ రికార్డుల ఒరిజినల్ ప్రతులు చాలా ఖరీదు, అవి రీఇష్యూలో (తర్వాత మళ్లీ వేసిన ప్రతి) కొనుక్కోండి. నితిన్ సాహ్నీ సొంత పేరు తెచ్చుకోకముందు జేమ్స్ టేలర్ క్వార్టెట్‌తో వాయించాడు.

ఇంకో సంగతి. 80ల ఇళయరాజా సంగీతాన్ని బ్రిటిష్ లేబుల్ ఒకటి సంకలనాలుగా వేసింది. షాపులో మీరు ఏ దేశం వాళ్లో తెలిస్తే కౌంటర్లో వాళ్లు ఆయన గురించి అడగడం మామూలే. రెండు మంచి పాటల పేర్లు చెప్పడానికి సిద్ధంగా ఉండండి.

## ఏ ఊళ్లో ఎక్కడ

లండన్‌లో ఒక్క రోజే ఖాళీ. ఎక్కడికి వెళ్లాలి?

పొద్దున సోహో. బెర్విక్ స్ట్రీట్‌లో రెక్‌లెస్ రికార్డ్స్, సిస్టర్ రే దగ్గర దగ్గరగానే ఉంటాయి. 1995లో ఒయాసిస్ ఆల్బమ్ అట్ట ఫొటో తీసింది ఈ వీధిలోనే, జనం ఇప్పటికీ నిలబడి ఫొటోలు దిగుతుంటారు. అక్కడి నుంచి రెండడుగులేస్తే బ్రాడ్‌విక్ స్ట్రీట్‌లో సౌండ్స్ ఆఫ్ ద యూనివర్స్. సోల్ జాజ్ రికార్డ్స్ అనే లేబుల్ వాళ్ల షాపు అది. కొత్త రీఇష్యూలు, సంకలనాలు అక్కడ చూడాలి.

మధ్యాహ్నం పోర్టొబెల్లో రోడ్డు మీద ఆనెస్ట్ జాన్స్‌కి వెళ్లండి. 1974 నుంచి ఉన్న షాపు. జాజ్, సోల్, రెగే, ఆఫ్రికా సంగీతం అన్నీ ఉంటాయి. శనివారమైతే ఆ రోడ్డు సంతలా కిక్కిరిసి ఉంటుంది, మామూలు రోజు వెళ్లడమే నయం. రఫ్ ట్రేడ్ ఈస్ట్ పేరు అందరూ చెబుతారు. మంచి షాపే, కానీ అక్కడ కొత్త రికార్డులు ఎక్కువ. పాత సోల్ కోసమైతే ఒక్క రోజులో దాన్ని వదిలేయొచ్చు.

టోక్యో వెళ్తున్నా. జపాన్‌లో యాసిడ్ జాజ్ దొరుకుతుందా?

లండన్ కన్నా బాగా దొరుకుతుందని నా అభిప్రాయం. 90ల్లో జపనీయులు ఈ సంగీతాన్ని ఎంత ప్రేమించారంటే, లండన్ రికార్డులు కొని ఊరుకోకుండా సొంత బృందాలే పుట్టించారు. యునైటెడ్ ఫ్యూచర్ ఆర్గనైజేషన్ టోక్యోది. మోండో గ్రోసో క్యోటోది. క్యోటో జాజ్ మాసివ్‌ని నడిపే ఒకినో అన్నదమ్ములకి ఇప్పటికీ మంచి పేరుంది. ఇవి మన దగ్గరికి ఎప్పుడూ రాలేదు కాబట్టి జపాన్ వెళ్లినప్పుడు ముందు ఇవే చూడండి.

షిబుయా, షింజుకు, ఒచానొమిజు ప్రాంతాల్లో డిస్క్ యూనియన్ షాపులు చాలా ఉన్నాయి. జాజ్‌కి ఒకటి, సోల్‌కి ఒకటి అన్నట్టు విడదీసి నడుపుతారు. కాబట్టి మీకు కావాల్సిన విభాగం ఏ బిల్డింగులో ఉందో ముందే చూసుకోండి, లేకపోతే హెవీ మెటల్ అంతస్తులో తేలతారు. షిబుయాలో 2014లో తెరిచిన హెచ్ఎంవీ రికార్డ్ షాప్, అక్కడే ఫేస్ రికార్డ్స్ కూడా చూడదగ్గవి. పాత రికార్డుల మీద అక్కడ దుమ్ము కూడా కనబడదు.

మా తమ్ముడు బే ఏరియాలో ఉంటాడు. అక్కడేమైనా ఉందా?

మీ తమ్ముడు అదృష్టవంతుడు. బర్క్‌లీలో టెలిగ్రాఫ్ అవెన్యూ మీద 1990లో మొదలైన అమీబా మ్యూజిక్ ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో హైట్ స్ట్రీట్ మీద అమీబా 1997లో ఒక పాత బౌలింగ్ హాల్లో తెరిచారు. అందులోకి వెళ్తే రెండు గంటలు గల్లంతే. అదే వీధి కింది భాగంలో గ్రూవ్ మర్చంట్ అనే చిన్న షాపుంది. సోల్ జాజ్ కోసం దేశదేశాల నుంచి అక్కడికి వస్తారు, ధరలూ ఆ స్థాయిలోనే ఉంటాయి. అమెరికాలో యాసిడ్ జాజ్‌ని నిలబెట్టిన యుబిక్విటీ లేబుల్ 90ల మొదట్లో ఆ షాపు నుంచే పుట్టింది. షికాగోవైపు వెళ్తే డస్టీ గ్రూవ్ షాపు తప్పక చూడండి.

ఇంకే ఊళ్లలో వెతకొచ్చు?

హాంబర్గ్‌లో మోజో క్లబ్ వాళ్లు వేసిన డాన్స్ జాజ్ సంకలనాలు జర్మనీ అంతటా సెకండ్‌హ్యాండ్‌లో తేలిగ్గా దొరుకుతాయి. ఇటలీ వెళ్తే బొలోన్యాకి చెందిన ఇర్మా లేబుల్ కోసం చూడండి.

ముంబై, కోల్‌కతాల్లో దొరకవా? అంత దూరం ఎందుకు?

ముంబై చోర్ బజార్లో, కోల్‌కతా ఫ్రీ స్కూల్ స్ట్రీట్‌లో 60ల, 70ల సోల్, డిస్కో దొరుకుతాయి. వాటిలో చాలావరకు కోల్‌కతా డమ్‌డమ్‌లోని గ్రామఫోన్ కంపెనీ ఫ్యాక్టరీలో ఇక్కడే ప్రెస్ చేసినవి (అచ్చు వేసినవి), కొన్ని ప్రయాణికులు తెచ్చి అమ్ముకున్నవి. యాసిడ్ జాజ్ మాత్రం దొరకదనే చెప్పాలి. ఆ సంగీతం వచ్చేసరికి మన మార్కెట్టు క్యాసెట్లకి మారిపోయింది.

## షాపులో నిలబడ్డాక

కౌంటర్ దగ్గర ఏం అడగాలో తెలియదు, మొహమాటంగా ఉంటుంది.

“మంచివి చూపించండి” అంటే వాళ్లకీ ఏం తోచదు. మీకు నచ్చిన ఒక్క పాట పేరు చెప్పి “ఇలాంటివి ఇంకేమున్నాయి?” అనండి. పాట మీ ఫోన్లో ఉంటే ఇంకా మంచిది, వినిపించేయండి. మాటలు కలవని టోక్యోలో కూడా ఇది పనిచేస్తుంది. వాళ్లు నాలుగైదు తీసిస్తారు. అన్నీ కొనాలని లేదు. రద్దీ లేని వేళ, అంటే మామూలు రోజు పొద్దున, వెళ్తే వాళ్లకి మాట్లాడే తీరిక ఉంటుంది.

కొనకుండా విని చూడొచ్చా?

చాలా షాపుల్లో వినడానికి ప్లేయరు, హెడ్‌ఫోన్లు ఉంటాయి. ముందు అడగాలి. ఒకసారికి నాలుగైదు రికార్డులకి మించి పట్టుకెళ్లకండి. ప్రతి పాటలో మొదట్లో కొంచెం, మధ్యలో కొంచెం వింటే చాలు. ముల్లుని వెనక్కీ ముందుకీ గీకకండి. జపాన్‌లో కొన్నిచోట్ల సిబ్బందే వేసి వినిపిస్తారు, మీరు ముట్టుకోకూడదు.

స్టిక్కర్ మీద ఎన్‌ఎం, వీజీ ప్లస్ అని ఉంటుంది. అంటే?

రికార్డు ఎంత బాగుందో చెప్పే గుర్తులవి. ఎన్‌ఎం అంటే దాదాపు కొత్తది. వీజీ ప్లస్ అంటే సన్నటి గీతలు కనబడతాయి కానీ వినికిడికి పెద్దగా అడ్డురావు. వీజీ అంటే చిటపటలు వినబడతాయి. జీ అంటే గుడ్ అని రాసినా నిజానికి బాగాలేదని అర్థం. కొన్ని దుకాణాలు ఎ, బి, సి అని రాస్తాయి. సాధారణంగా రెండు గుర్తులుంటాయి, ఒకటి రికార్డుకి, ఒకటి అట్టకి.

జపాన్ వాళ్లు మార్కులు వేయడంలో చండశాసనులు. వాళ్లు బి అన్నది ఇంకోచోట ఎ అవుతుంది. ఎవరేం రాసినా లైటు కింద ఏటవాలుగా పట్టుకుని చూడండి. గోరు తగిలితే తెలిసేంత గీత ఉంటే ముల్లు అక్కడ టక్కుమంటుంది. కంటికి మాత్రమే కనబడే గీతలకి భయపడకండి.

ఒరిజినలో, రీఇష్యూనో, దొంగ ప్రెస్సింగో ఎలా తెలుస్తుంది?

చివరి పాట అయ్యాక, రికార్డు మధ్యలో అంటించిన కాగితపు లేబుల్‌కి ముందు ఖాళీ జాగా ఉంటుంది. అక్కడ చెక్కిన అక్షరాలు, అంకెలు చదివి డిస్కాగ్స్‌తో పోల్చండి. పాత బ్లూ నోట్ రికార్డుల మీద ఇంజనీర్ రూడీ వాన్ గెల్డర్ పేరో, ఆర్‌వీజీ అనే పొడి అక్షరాలో ఉంటాయి. అట్ట బొమ్మ మసకగా, ఫొటో తీసి ముద్రించినట్టు ఉంటే, కంపెనీ చిరునామా ఎక్కడా లేకపోతే దొంగ ప్రెస్సింగని అనుమానించండి. అధికారికంగా వేసిన రీఇష్యూలో తప్పేం లేదు. వినేవాళ్లకి చాలాసార్లు అదే మంచి బేరం, సంగీతకారుడికి డబ్బులు చేరే అవకాశం ఉన్నదీ దాంట్లోనే.

90ల ఎల్పీలు 70ల వాటికన్నా ఖరీదెందుకు?

సీడీల రోజులు కదా. 90ల్లో ఎల్పీలు (పూర్తి ఆల్బమ్ ఉన్న పెద్ద రికార్డులు) తక్కువ వేశారు, ఇప్పుడు అడిగేవాళ్లు పెరిగారు. అవే పాటల 12 అంగుళాల సింగిల్స్ మాత్రం డీజేల కోసం విరివిగా వేశారు. అవి లండన్‌లో చవక బాక్సుల్లో కొన్ని పౌండ్లకే దొరుకుతాయి. ఒక్కో వైపు ఒకటో రెండో పాటలే ఉంటాయి కాబట్టి ముల్లు నడిచే గాడి వెడల్పుగా ఉండి శబ్దం దిట్టంగా వస్తుంది. కొత్తవాళ్లు వీటితోనే మొదలుపెట్టాలని నా గట్టి సలహా.

చిన్న రికార్డుకి మధ్యలో అంత పెద్ద చిల్లు ఏంటి? మన ప్లేయర్లో పడుతుందా?

పడుతుంది. 7 అంగుళాల అమెరికన్ సింగిల్స్‌కి జూక్‌బాక్స్ కాలం నుంచి పెద్ద చిల్లు ఉంటుంది. మధ్యలో పెట్టే గుండ్రటి అడాప్టర్ ఏ రికార్డు షాపులోనైనా అమ్ముతారు. 45 స్పీడులో వేయాలి.

జపాన్ రికార్డుల అట్ట చుట్టూ కాగితం పట్టీ ఉంటుంది. అది ముఖ్యమా?

దాన్ని ఓబి అంటారు. ధర, జపనీస్ వివరాలు దాని మీద ఉంటాయి. అది ఉంటే ధర పెరుగుతుంది, పాటకి మాత్రం తేడా రాదు. వినడానికే కొనేవాళ్లు ఓబి లేనివి తీసుకుంటే డబ్బు మిగులుతుంది. ఉన్నది కొంటే చింపకుండా మొత్తం అట్టకి ప్లాస్టిక్ కవరు తొడగండి.

బేరం ఆడొచ్చా?

జపాన్‌లో ఆడకూడదు. లండన్ షాపుల్లో ఐదారు కొంటే “ఏమైనా తగ్గుతుందా?” అని నవ్వుతూ ఒక్కసారి అడగొచ్చు. వీధి సంతల్లో అయితే మన సుల్తాన్ బజార్ అనుభవం అక్కరకొస్తుంది.

ఒక రికార్డు మీద ఎంత పెట్టొచ్చు?

ఫ్రాంక్ విల్సన్ పాడిన 1965 నాటి సింగిల్ ఒకటుంది, మోటౌన్ అనే అమెరికన్ సోల్ కంపెనీది. వేసిన ప్రతులన్నీ ధ్వంసం చేయించగా చేతివేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయంటారు. 2009లో ఒక ప్రతి 25,000 పౌండ్లు దాటి అమ్ముడుపోయింది. అదే పాటని సంకలనంలో కొనుక్కుంటే భోజనం ఖర్చు. అరుదైనదంతా గొప్ప పాట కాదు, గొప్ప పాటంతా అరుదూ కాదు. రాయ్ ఏయర్స్ 1976లో చేసిన ‘ఎవ్రీబడీ లవ్స్ ద సన్‌షైన్’ రీఇష్యూ ఏ షాపులోనైనా దొరుకుతుంది, దానికి మించింది నాకు ఇంకా తగల్లేదు.

## తిరుగు ప్రయాణం

సూట్‌కేసులో పెడితే విరగవా?

చెక్ ఇన్ చేయాల్సి వస్తే బట్టల మధ్యలో, నిలువుగా, కదలకుండా బిగించి పెట్టండి. రికార్డుని లోపలి కవరుతో సహా అట్టలోంచి బయటికి తీసి, అట్ట వెనకాల ఆనించి, రెండింటినీ కలిపి ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టాలి. లోపలే ఉంచితే ప్రతి కుదుపుకీ అంచు తగిలి అట్ట కుట్టు చిరుగుతుంది. రెండు వైపులా గట్టి అట్టముక్కలు పెట్టండి, ఏ షాపులో అడిగినా ఇస్తారు.

చేతి సంచి ఇంకా మేలు. అట్టతో కలిపి ఒక్కో ఎల్పీ సుమారు పావుకిలో. ఇరవై అంటే ఐదు కిలోలు. చాలా విమానాల్లో చేతి సామానుకి ఏడు కిలోలే పరిమితి. 180 గ్రాముల కొత్త ప్రెస్సింగులైతే ఇంకా బరువు.

ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌రేకి పాడవుతాయా?

పాడవవు. పాట ఉన్నది ప్లాస్టిక్ మీద చెక్కిన గాడిలో. ఎక్స్‌రే దాన్నేమీ చేయదు.

కస్టమ్స్ వాళ్లు పట్టుకుంటారా? టాక్స్ వెనక్కి వస్తుందా?

సొంతానికి తెచ్చుకునే రికార్డుల మీద నిషేధమేం లేదు. ప్రయాణికుల సామానుకి డ్యూటీ లేని పరిమితి రూపాయల్లో ఉంటుంది, మీరు కొన్నవన్నీ కలిపి అది దాటితే డ్యూటీ కట్టాలి. ఆ పరిమితి మారుతుంటుంది కాబట్టి బయల్దేరే ముందు కస్టమ్స్ వెబ్‌సైట్‌లో చూసుకోండి. పాత రికార్డుకి ఎంత విలువ అన్న వాదన రాకుండా ప్రతి బిల్లూ దాచండి. ఒకే రికార్డు పది ప్రతులు తెస్తే వ్యాపారం అనుకుంటారు.

టాక్స్ విషయానికొస్తే, లండన్ షాపుల్లో పర్యాటకులకి వ్యాట్ వెనక్కిచ్చే పద్ధతి 2021 నుంచి లేదు. జపాన్‌లో పెద్ద షాపుల్లో 5,000 యెన్‌లు దాటి కొంటే పాస్‌పోర్ట్ చూపించి 10 శాతం పన్ను మినహాయింపు పొందొచ్చు. 2026 నవంబర్ నుంచి ముందు పన్ను కట్టి, దేశం దాటేటప్పుడు వెనక్కి తీసుకునే పద్ధతికి మారుతోంది.

## ఇంటికొచ్చాక

ప్లేయర్ లేదు. అక్కడే కొని తెచ్చుకుంటే చవకా?

జపాన్‌లో సెకండ్‌హ్యాండ్ ప్లేయర్లు ఆశ పుట్టిస్తాయి, కానీ అవి 100 వోల్టులవి. మన 230లో నేరుగా పెడితే పొగే. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. బరువు, రిపేరు టెన్షన్ కలుపుకుంటే ఇక్కడ కొనడమే సుఖం. సూట్‌కేసులా మడిచే చవక ప్లేయర్లు మాత్రం వద్దు. వాటి ముల్లు గాడి మీద మామూలుకన్నా రెండు మూడింతల బరువు వేస్తుంది, ఖరీదైన రికార్డు అరుగుతుంది.

మన ఎండలకి, వానలకి తట్టుకుంటాయా?

ఇంట్లో నిలువుగా నిలబెడితే రెంటచింతల ఎండకి కూడా ఏమీ కాదు. ప్రమాదమల్లా ఎండలో ఆపిన కారు. మే నెలలో డిక్కీలో గంటసేపు వదిలేస్తే రికార్డు అప్పడంలా వంగుతుంది. ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి పేర్చినా వంగుతాయి. వానాకాలంలో బూజు అసలు సమస్య. గోడకి ఆనించకుండా ఖాళీ వదలండి. కాగితపు లోపలి కవర్లు తీసేసి ప్లాస్టిక్ పూతవి వేయండి. బూజు పట్టినదాన్ని డిస్టిల్డ్ వాటర్‌లో తడిపిన మెత్తటి గుడ్డతో గాడి వెంట గుండ్రంగా తుడవాలి, లేబుల్ తడవకూడదు.

అంత దూరం నుంచి తెచ్చినదాంట్లో రెండు నచ్చలేదు. ఏం చేయను?

ఆరు నెలలు పక్కన పెట్టి మళ్లీ వినండి. జాజ్‌లో ఇది తరచూ జరుగుతుంది, ముఖ్యంగా పాట లేని వాయిద్య సంగీతంలో. అప్పటికీ నచ్చకపోతే మన రికార్డుల గ్రూపుల్లో మార్పిడికి పెట్టండి. లండన్ ప్రెస్సింగు యాసిడ్ జాజ్ ఇక్కడ కనబడేదే అరుదు, పెట్టిన సాయంత్రానికే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. కొన్న ధర చెప్పడానికి బిల్లు ఫొటో దగ్గర పెట్టుకోండి.